బొమ్మ హిట్టంటాం, బొమ్మలంటే మాత్రం పిల్లలకంటాం

2024 మే 31, శుక్రవారం. ఆ సాయంత్రం నేను బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద బెళ్లందూరు దగ్గర ఇరుక్కుపోయి ఉన్నాను. మా అక్కవాళ్లు ఉండేది మారతహళ్లిలో. నా రూము నుంచి ఐదారు కిలోమీటర్లు. ఆదివారం పొద్దున్నయితే పావుగంట, శుక్రవారం సాయంత్రమయితే పావుగంటలో ముందున్న బస్సు నంబరు బట్టీ పట్టడం తప్ప ఇంకేమీ జరగదు. ఈలోగా తొమ్మిదేళ్ల మేనల్లుడు మూడుసార్లు ఫోన్ చేశాడు. "మామా, ఎక్కడున్నావ్? నువ్వొచ్చేదాకా పెట్టనంటోంది అమ్మ."

పెట్టాల్సింది 'బుజ్జి అండ్ భైరవ'. 'కల్కి 2898 ఏడీ' రిలీజుకి ఇంకా 27 రోజులుందనగా ప్రైమ్‌లో వదిలిన యానిమేషన్ ముందుకథ. బుజ్జి అనే ఏఐ బుర్రా, భైరవ అనే బౌంటీ హంటరూ ఎలా జతకట్టారన్నది విషయం. రెండే ఎపిసోడ్లు, రెండూ కలిపి దాదాపు అరగంట. నేను చేరేసరికి ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా అంతా అయిపోయింది.

అయిపోగానే మావాడు రిమోట్ నా చేతిలో పెట్టి "మూడోది పెట్టు మామా" అన్నాడు. లేదురా, రెండే అన్నాను. "రెండేంటి?" అంటూ వాడు చూసిన చూపులో, ఆ మూడోది నేనే ఎక్కడో దాచేశానన్నంత కోపం. అక్క వంటింట్లోంచి "ఈ మాత్రానికి ఆ ట్రాఫిక్‌లో పడొచ్చావా నువ్వు" అంది. బావ మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఇది సిరీసేం కాదప్పా, అడ్వర్టైజ్‌మెంటు. కాకపోతే మన దగ్గర చందా తీసుకుని మరీ చూపించారు."

తర్వాత రెండు మూడు రోజులు నా కంటపడిన రివ్యూలన్నీ మా బావ రివ్యూనే కాస్త సాగదీసినవి. ప్రమోషన్ కోసం చేశారు, నిడివి చాలదు, పిల్లలకి నచ్చొచ్చు, పెద్దలు చూడకపోయినా పర్లేదు, అసలు సినిమా మీద అంచనాలు పెంచిందా లేదా అన్నదానికో పేరా, ప్రభాస్ పోలికలు వచ్చాయా రాలేదా అన్నదానికో పేరా, అంతే. వీటిల్లో అబద్ధమేమీ లేదు, అది నేనూ ఒప్పుకుంటాను. ప్రమోషనే. సినిమాలో ఆ ఏఐ బుర్ర ఉండే ఆరు టన్నుల బుజ్జి బండిని నిజంగానే తయారుచేయించి ఊళ్లు తిప్పినవాళ్లు, పన్లో పనిగా ఇదీ చేయించారు. నా గొడవ వేరు. ఆ అరగంటసేపు తెరమీద ఉన్నవి బొమ్మలు. ఆ బొమ్మలెలా కదిలాయి, రంగులెలా పడ్డాయి, కాశీ వీధుల్ని ఏ వైపు నుంచి చూపించారు, గొంతుకీ మొహానికీ పొత్తు కుదిరిందా, వీటి గురించి ఒక్క వాక్యం రాసుంటే ఒట్టు. కచేరీకి వెళ్లొచ్చి గాయని కట్టుకున్న పట్టుచీర గురించీ, ఇంటర్వెల్లో తాగిన కాఫీ గురించీ రాసి పాట సంగతి వదిలేసినట్టుంది.

దీన్ని చేసింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్, 2008 నుంచి ఛోటా భీమ్‌ని నడిపిస్తున్నవాళ్లు. తమాషా ఏంటంటే సరిగ్గా అదే మే 31న వాళ్ల ఛోటా భీమ్, నిజం మనుషులతో తీసిన సినిమాగా థియేటర్లకొచ్చింది. ఒకే స్టూడియో, ఒకే శుక్రవారం, బొమ్మ హీరో మనిషయ్యాడు, మనిషి హీరో బొమ్మయ్యాడు. రాసుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి? దీని మీద పేజీలు రాయొచ్చు. నేను చదివినంతలో ఎవరూ రాయలేదు.

ఈ కోపంతోనే నేను నాకు బాగా తెలిసిన ఇంకో కేసు గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. 'స్టార్ వార్స్: ద క్లోన్ వార్స్', హాలీవుడ్ అంతరిక్ష యుద్ధాల సినిమాలు 'స్టార్ వార్స్'కి బొమ్మల్లో అల్లిన పక్కకథ. 2008 ఆగస్టు 15న అమెరికాలో థియేటర్లకొచ్చింది, దర్శకుడు డేవ్ ఫిలోనీ. అసలది సినిమాగా పుట్టింది కూడా కాదు, టీవీ సిరీస్ కోసం చేసుకున్న మొదటి ఎపిసోడ్లు పెద్దతెర మీద చూసుకున్న 'స్టార్ వార్స్' సృష్టికర్త జార్జ్ లూకస్, వీటిని కలిపి సినిమాగా వదిలేద్దాం అన్నాడు. అంటే మా బావ భాషలో అదీ అడ్వర్టైజ్‌మెంటే, అక్టోబర్‌లో కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలవబోయే సిరీస్‌కి. క్రిటిక్స్ దాన్ని ఉతికి ఆరేశారు. రివ్యూలన్నీ పోగేసి మార్కులేసే రాటెన్ టొమాటోస్‌లో ఇరవై శాతం కూడా రాలేదు. పేరున్న అమెరికన్ క్రిటిక్ రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలకి ఒకటిన్నర ఇచ్చి, కథతోపాటు బొమ్మనీ తిట్టారు. (కనీసం బొమ్మని తిట్టారు. తిట్టాలంటే చూడాలిగా.) పాత అభిమానులైతే అసోకా టానో అనే కొత్త పాత్రని చూసి మండిపడ్డారు. పద్నాలుగేళ్ల పిల్ల, అసలు సినిమాల్లోని అనకిన్ అనే యోధుడికి శిష్యురాలట, గురువుని పట్టుకుని ముద్దుపేర్లు పెట్టి పిలుస్తుందట, ఈ పిల్ల అసలు సినిమాల్లో ఎక్కడుందీ అని.

నేను దాన్ని చూసింది ఇంజినీరింగ్‌లో, ఫ్రెండు హార్డ్ డిస్క్‌లో. ఇవాళ మళ్లీ చూసినా ఆ రివ్యూలతో నాకు పేచీ లేదు. మొహాలు కొయ్యబొమ్మల్లా ఉంటాయి, జుట్టు మైనంతో పోతపోసినట్టుంటుంది, జబ్బా అనే గ్యాంగ్‌స్టర్ కొడుకుని ఎత్తుకెళ్లారనే కథ నడుస్తుంటే ఎప్పుడైపోతుందా అనిపిస్తుంది. బాగాలేని సినిమాని బాగాలేదన్నారు, న్యాయమే. డబ్బుకొచ్చిన నష్టం కూడా ఏమీ లేదు, 85 లక్షల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచం మొత్తమ్మీద 6.8 కోట్ల డాలర్ల దాకా వచ్చింది.

కానీ కథ అక్కడ ఆగలేదు. సిరీస్ నడిచింది, ఒక సీజన్ కాదు రెండు కాదు. మధ్యలో 2012లో డిస్నీ లూకస్ కంపెనీని కొనేసింది, 2013లో సిరీస్‌ని ఆపేశారు, మిగిలిపోయిన కథలు 2014లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి, 2020లో మళ్లీ లేపి ఏడో సీజన్‌తో ముగించారు. మొత్తం 133 ఎపిసోడ్లు. 2013లో, 2014లో డేటైమ్ ఎమ్మీలొచ్చాయి, అమెరికాలో టీవీకిచ్చే అవార్డులు. అందరూ ఛీకొట్టిన ఆ పిల్ల అసోకా పేరుమీదే 2023లో నిజం మనుషుల సిరీస్ వచ్చింది, రొసారియో డాసన్ వేసింది.

ఐదో సీజన్ చివరి ఎపిసోడ్‌లో ఒక సీనుంటుంది. అసోకా మీద చెయ్యని నేరం మోపుతారు, వెలేస్తారు, చివరికి నిర్దోషి అని తేలాక ఆ యోధుల పెద్దలంతా చేరి మళ్లీ మాలో కలువు అంటారు. అనకిన్ అరచేతిలో ఆమె శిష్యరికం గుర్తుగా పెట్టుకునే పూసల జడ. తీసుకో అన్నట్టు చెయ్యి చాచి నిలబడతాడు. ఆ పిల్ల ఆ చేతి వేళ్లని ఒక్కసారి తన చేత్తో మూసేస్తుంది, అంతే, వెనక్కి తిరిగి నడుచుకుంటూ ఆ యోధుల గుడి మెట్లు దిగిపోతుంది, ఎదురుగా సాయంత్రపు ఎండ. 2008లో ఇవే చేతులు చెక్క గరిటెల్లా కదిలేవి. ఐదేళ్లలో ఒక పిడికిలి మూయడంతో ఏడిపించే స్థాయికొచ్చాయి. దీనిమీద 2008 నాటి రివ్యూలు ఎలాగూ ఏం చెప్పలేవు, కానీ చాలామంది పెద్ద క్రిటిక్స్ మళ్లీ అటు తిరిగి చూసిందీ తక్కువే. ఒకసారి తీర్పు ఇచ్చాక ఫైల్ మూసేశారు.

ఇక్కడ మా ఫ్రెండు గురించి చెప్పాలి. గుంటూరువాడు, ఇక్కడే ఒక స్టూడియోలో యానిమేటర్. ఎవరెవరి దేశాల కార్టూన్లకో బొమ్మల్ని నడిపించి జీతం తీసుకుంటాడు, ఎన్నోసార్లు వాడి పేరు టైటిల్స్‌లో కూడా ఉండదు. ఒకసారి ఆంధ్రా మెస్సులో తింటుంటే అక్కడి టీవీలో ఏదో కార్టూన్ వస్తోంది, వాడు ముద్ద కలుపుకుంటూనే "కాళ్లు చూడరా" అన్నాడు. "మొహం ఎవడైనా చూస్తాడు. నువ్వు కాళ్లు చూడు. పాదం నేలమీద ఆనాక జారుతోందా, నిలబడిందా? జారిందంటే డబ్బుల్లేవు, లేకపోతే టైమ్ లేదు." ఆ రోజు నుంచి నేను ఏ యానిమేషన్ చూసినా ముందు పాదాలే చూస్తున్నాను, నిజంగానే జీవితం పాడైపోయింది. కానీ దానివల్ల ఒకటి తెలిసింది. ఈ పనిలో ప్రతిదానికీ లెక్కుంటుంది. ఒక కొత్త పాత్ర కావాలంటే దాన్ని మొదటి నుంచి చెక్కాలి, లోపల ఎముకలు అమర్చాలి, రంగు పూయాలి. సినిమాలోలాగా జూనియర్ ఆర్టిస్టులు వందమంది కావాలని ఫోన్ కొడితే వ్యాన్‌లో దిగరు. అందుకే తక్కువ బడ్జెట్ సిరీసుల్లో సంత కూడా నలుగురితోనే సాగుతుంది.

ఇప్పుడు ఆ లెక్కతో 'క్లోన్ వార్స్'ని చూడండి. సైనికులంతా క్లోన్లు, అంటే ఒకే మనిషికి నకళ్లు, అందరిదీ ఒకే మొహం, ఒకే గొంతు. డీ బ్రాడ్లీ బేకర్ అనే ఒక్క నటుడే వాళ్లందరికీ గొంతిచ్చాడు. ఖర్చు కోణంలో చూస్తే అచ్చుగుద్దిన బొమ్మ అంత చవకైంది ఇంకోటి ఉండదు. రాసినవాళ్లు ఆ చవకనే కథగా మార్చేశారు. అందరూ ఒకేలా ఉంటారు కాబట్టి ఒకడు జుట్టు కత్తిరించుకుంటాడు, ఒకడు పచ్చబొట్టు పొడిపించుకుంటాడు, నంబరుతో పిలిస్తే ఒప్పుకోక ఒక పేరు పెట్టుకుంటాడు. నాలుగో సీజన్‌లో అంబారా అనే గ్రహం మీద యుద్ధం నాలుగు ఎపిసోడ్లు నడుస్తుంది. చీకట్లో శత్రువులనుకుని కాల్చినవాళ్ల హెల్మెట్లు తీసి చూస్తే లోపల తమ మొహమే ఉంటుంది. ఇది మనుషులతో తీస్తే డబుల్ యాక్షన్ ట్రిక్కులా ఉండేది. బొమ్మల్లో మాత్రమే కడుపులో దేవేస్తుంది, ఎందుకంటే ఆ మొహం అచ్చుబొమ్మ అని మూడు సీజన్ల నుంచీ మనకి తెలుసు. యానిమేషన్ రివ్యూ అంటే నా దృష్టిలో దీని గురించి రాయడం.

అలాగని క్రిటిక్స్‌కి బొమ్మలంటేనే పడదని అంటే అన్యాయమవుతుంది. అదే క్లోన్ల యుద్ధం మీద 2003లోనే జెండీ టార్టకోవ్‌స్కీ చేతిగీతల్లో ఒక సిరీస్ చేశాడు, మొదట్లో ఒక్కోటి మూడేసి నిమిషాలు. దాన్ని నెత్తినపెట్టుకున్నారు, 2004లోనూ 2005లోనూ ఎమ్మీలిచ్చారు. దాంట్లో మేస్ విండూ అనే యోధుడు ఆయుధం పోగొట్టుకుని ఉత్త చేతులతో రోబో సైన్యాన్ని పిండిపిండి చేసే భాగం ఉంది, మాటలు దాదాపు లేవు, గీతే మాట్లాడుతుంది. అప్పుడెందుకు నచ్చింది, 2008లో ఎందుకు నచ్చలేదు? బాగుంది కాబట్టి అనేది సులువైన జవాబు, సగం నిజం కూడా. మిగతా సగం, మూడు నిమిషాల ముక్కని ఎవరూ తల్లి సినిమా పక్కన నిలబెట్టి ఎత్తు కొలవరు. థియేటర్లో టిక్కెట్టు పెట్టి, ముందు అదే పాత సంగీతం వేసి, అదే పేరు తగిలించి వదిలితే కొలుస్తారు. బుజ్జికీ అదే జరిగింది. పోస్టరు మీద ప్రభాస్ ఉన్నాక దాన్ని ప్రభాస్ సినిమాగానే తూస్తారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది, దాన్ని చూస్తే నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. మనం సినిమానే బొమ్మ అంటాం. బొమ్మ పడింది, బొమ్మ హిట్టు, బొమ్మ దద్దరిల్లింది. అలాంటిది నిజంగా బొమ్మల్తో తీస్తే మాత్రం పిల్లలకి పెట్టుకోండి అంటాం. మాది హిందూపురం వైపు. మా అవ్వ చిన్నప్పటి కథలన్నీ తోలుబొమ్మలాటల చుట్టూనే ఉండేవి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ కుటుంబాలున్నాయి, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆట తెల్లవార్లూ సాగేది, చూసేది పెద్దవాళ్లే, పిల్లలు ఒళ్లోనే నిద్రపోయేవాళ్లు. అటు రాముడూ రావణుడూ బాణాలేసుకుంటుంటే మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా దూరి, పిల్లల ముందు అనకూడని మాటలన్నీ అనేసుకుని పోయేవాళ్లట. రామాయణంలో వాళ్లెవరు? ఎవరూ కాదు. ఎవరూ కాకపోయినా జనం వాళ్ల కోసం కూర్చునేవాళ్లు. శశిరేఖ వ్యాసుడి భారతంలో లేదు, అయినా ఘటోత్కచుడు అనగానే కురుక్షేత్రం కంటే ముందు పెళ్లివంటలు గుర్తొచ్చే జాతి మనది. పెద్దకథ పక్కన పిల్లకథ అల్లడం, దాన్ని బొమ్మల్లో ఆడించడం, మన ఇంట్లో వందల ఏళ్లుగా ఉన్న సరుకు. డొక్కు బండి బుజ్జీ, అప్పుల్లో మునిగిన భైరవా వాదులాడుకునే కథని ఆ కళ్లతో చూడడానికి ఏ ఫిల్మ్ స్కూలూ అక్కర్లేదు.

సినిమా వచ్చాక ఫస్టాఫ్‌లో భైరవ వేషాలు అతకలేదని చాలామంది రాశారు. మేం చూసింది వైట్‌ఫీల్డ్‌లో ఒక మాల్లో, టిక్కెట్ల రేటు గుర్తుచేసుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అక్కా బావా ఆ కామెడీ దగ్గర గడియారం చూసుకున్నారు. మేనల్లుడు మాత్రం బుజ్జి గొంతు వినపడగానే సీట్లో లేచి నిలబడ్డాడు. కీర్తి సురేశ్ గొంతు వాడికి అప్పటికే ఇంట్లో మనిషి గొంతు, ఆ అరగంటని ఈ మధ్యలో వాడు కనీసం పదిసార్లు చూశాడు. భైరవకీ బుజ్జికీ మధ్య చనువు సినిమాలో కొత్తగా కట్టాల్సిన పని వాడి విషయంలో లేదు. అంటే ఆ ముందుకథ తన పని తను చేసింది, చూసినవాళ్ల దగ్గర. మేం నలుగురం పక్కపక్కనే కూర్చుని రెండు రకాల ఫస్టాఫ్‌లు చూశామన్నమాట. అక్కా బావా కూడా అది చూశారు కదా అంటారేమో, ఒకసారి చూడ్డం వేరు, పదిసార్లు చూడ్డం వేరు.

క్రిటిక్స్‌ని ఇంత అన్నాక తీసినవాళ్లని వదిలేస్తే పక్షపాతమే. సినిమా రిలీజైంది, వందల కోట్లొచ్చాయి, బుజ్జీ భైరవా బొమ్మలుగా మాత్రం రెండో ఎపిసోడ్ దగ్గరే ఆగిపోయారు. కాశీ, కాంప్లెక్స్, శంబల, ఇన్ని ఊళ్లు కట్టుకున్నారు, ఒక్కో సందులో ఒక్కో కథ చెప్పొచ్చు, సినిమాలో ఆ ఊరు కట్టడానికయ్యే ఖర్చులో ఎన్నో వంతుకే. కానీ ట్రైలర్‌గా వాడుకుని వదిలేశారు. ఇది ప్రమోషన్ అని కొట్టిపారేసినవాళ్లు తప్పని నిరూపించే అవకాశం వాళ్ల చేతిలోనే ఉండింది, వాళ్లే వదిలేసుకున్నారు. రెండు ఎపిసోడ్ల దగ్గర ఆపేసుంటే 'క్లోన్ వార్స్' కూడా ఇవాళ జోకుగానే మిగిలేది. మొదటిసారి తిట్లు పడటం ఈ రకం కథలకి మామూలే, 1973లో 'స్టార్ ట్రెక్' అనే అమెరికన్ టీవీ సిరీస్‌కి చేసిన బొమ్మల సిరీస్‌లో కూడా ఖర్చు తగ్గించడానికి అవే షాట్లు మళ్లీ మళ్లీ వాడితే నవ్వారు, అదే 1975లో ఎమ్మీ తెచ్చింది. దానికి 22 ఎపిసోడ్లుండేవి. తిట్లు తిన్నాక ఇంకో ఎపిసోడ్ ఉండాలి, కనీసం.

డబ్బులు రావంటారా? 2025 జులైలో 'మహావతార్ నరసింహ' వచ్చినప్పుడు ఆ మాట కూడా పోయింది. దాన్ని సమర్పించింది మన బెంగళూరు కంపెనీయే, హొంబాళే. బొమ్మల సినిమాకి తాతలూ మనవళ్లూ కలిసి లైన్లో నిలబడ్డారు, తెలుగులో కూడా. అయితే అప్పుడు కూడా నేను చదివిన చాలా రివ్యూలు భక్తి గురించి రాశాయి, క్లైమాక్స్‌లో వచ్చిన గూస్‌బంప్స్ గురించి రాశాయి. పాదాల గురించి ఎవరూ రాయలేదు. మా గుంటూరోడు మాత్రం ఇంటర్వెల్‌లోనే నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు, నాలుగు నిమిషాలు, అందులో మూడు నిమిషాలు పాదాల మీదే. వాడిని రివ్యూ రాయమంటే "నాకెక్కడ కుదురుద్దిరా, డెడ్‌లైన్ ఉంది" అంటాడు.

ఇంతకీ మూడో ఎపిసోడ్ బాకీ నా మీద అలాగే ఉండిపోయింది కదా. అందుకని ఈ మధ్య ఆదివారాలు జియోహాట్‌స్టార్‌లో మేనల్లుడికి 'క్లోన్ వార్స్' పెడుతున్నాను. సినిమాతో మొదలుపెట్టలేదు, మొదటి సీజన్ ఐదో ఎపిసోడ్‌తో పెట్టాను. కొత్తగా చేరిన ఐదుగురు క్లోన్ కుర్రాళ్లు ఊరవతల కాపలా స్థావరంలో ఇరుక్కునే కథ. ఇంగ్లిష్ వేగం వాడికి అందదు, నేను పక్కన కూర్చుని తెలుగులో చెప్తూ ఉంటాను, అక్క "హరికథ మొదలైందా" అంటూ పోతుంది. మొదట్లో "మామా, వీడు వాడేనా?" అని ప్రతి నిమిషానికీ అడిగాడు. హెవీ అనే కుర్రాడు అందరినీ పంపించేసి, రిమోట్ పనిచెయ్యక తన చేత్తోనే బాంబు పేల్చుకుని పోయాక, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వెనక్కి తిప్పమన్నాడు. "పెద్ద గన్ను పట్టుకున్నోడే కదా పోయింది?" అని ఖాయం చేసుకున్నాడు.

ఇప్పుడు వాడికి పేర్లన్నీ వచ్చేశాయి. ఆ ఐదుగురిలో ఫైవ్స్ అనేవాణ్ని "ఐదుగాడు" అంటాడు, వాడే ఫేవరెట్టు. మూడో సీజన్‌లో ఉన్నాం. ఆరో సీజన్‌లో ఐదుగాడికి ఏమవుతుందో నేనింకా చెప్పలేదు.